పదకొండింటికి వచ్చే మనిషి

“ఈరోజు ఉప్పెక్కువైంది, హతకేదా గారూ.”

ముసలాయన చెంచా ప్లేటులో పెట్టేశాడు.

జపాన్‌లోని యొకోసుకా ఓడరేవు పక్కన హతకేదా కర్రీ కొట్టు పదకొండింటికి తెరుస్తారు. తెరవగానే వచ్చేది ఆయనే. పేరు ఓనుకి. నాలుగు చెంచాలు తింటాడు, ఒక వంక పెడతాడు, వెళ్ళిపోతాడు. మూడేళ్ళుగా ఇదే వరస.

హతకేదా గొణుక్కుంటూనే లోపలికెళ్ళి కూర సరిచేసేవాడు. పన్నెండింటికి రేవు కార్మికులు ఆకలిగా వచ్చిపడేవారు.

ఆరోజు మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

“నిన్న కూర చిక్కబడ్డానికి వేయించే పిండి మాడిందన్నారు. మొన్న తీపన్నారు. ఇండియాలో పుట్టి, ఇంగ్లీషువాళ్ళ ఓడలెక్కి మన నౌకాదళానికొచ్చిన కూర ఇది. మా తాత ఓడలో వండాడు. మీరా నాకు నేర్పేది?”

“అన్ని చేతులు దాటొచ్చింది కదా. మీ చేతిలో చెడిపోకూడదనే చెబుతున్నాను.”

ఆ మాట హతకేదాకు ములుకులా గుచ్చుకుంది.

ఒకప్పుడు వచ్చిన విషజ్వరం తగ్గినప్పటి నుంచి అతని నాలుకకు రుచి తెలియడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మూడేళ్ళ కిందట భార్య మిత్సుయే జబ్బుచేసి ఆసుపత్రిలో పోయేదాకా ఆమెకూ చెప్పలేదు. తాత రాసిపెట్టిన కొలతలు చూసుకుంటూ నెట్టుకొస్తున్నాడు.

“రేపట్నుంచి ఇటు రాకండి,” అన్నాడు ప్లేటు లాక్కుంటూ.

ఓనుకి లేచి, తలవంచి నమస్కరించి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

రెండు నెలల్లో పన్నెండింటి గుంపు పలచబడింది.

“ఏంటి బాబాయ్, సముద్రం నీళ్ళతో వండావా?” అన్నాడొక కార్మికుడు, సగం ప్లేటు వదిలేసి లేస్తూ.

హతకేదా ఒక చెంచాడు నోట్లో వేసుకున్నాడు. వేడి తప్ప ఏమీ తెలియలేదు.

మర్నాడు కొట్టు తెరవలేదు. వాకబు చేసుకుంటూ ఓనుకి ఇంటికెళ్ళాడు.

కూతురు తలుపు తీసింది. లోపల ఓనుకి ఫొటో ముందు అగరొత్తి వెలుగుతోంది.

“గత నెలలో పోయారండి. కడుపు ఆపరేషనయ్యాక డాక్టరు జావ తప్ప ఏదీ తినొద్దన్నాడు. అయినా ఆ మూడేళ్ళూ మీ కొట్టుకి రావడం మానలేదు.”

“మరెందుకు వచ్చేవారమ్మా? నా వంట ఆయనకి ఏనాడూ నచ్చలేదే.”



“నాన్న పాతికేళ్ళు ఓడల్లో వంట చేశారు. ఆ ఆపరేషనప్పుడు ఆసుపత్రిలో మీ ఆవిడది ఆయన పక్క గదే. ‘మా ఆయనకి రుచి తెలియడం లేదు, పైకి చెప్పుకోడు, నేను పోయాక రోజూ కొట్టు తెరవగానే వెళ్ళి, కాస్త తిని, ఏం తేడాగా ఉందో చెప్పండి’ అని ఆవిడే నాన్న దగ్గర మాట తీసుకున్నారటండీ.”