రెండు గోడల బుట్ట

"అత్తయ్యా, ఈ బుట్ట మీద చెయ్యి వేశారా?"

గరాజ్‌లోంచి బుట్టను పసిపిల్లలా ఎత్తుకొచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది హేమశ్రీ. మంగతాయారు రెండు కప్పుల్లోకి టీ వడకడుతోంది. ఆవిడ హామిల్టన్‌కు వచ్చి ఇంకా వారం కాలేదు. వచ్చిన మర్నాడే ఇలాంటి బుట్టలో ఎండుమిరపకాయలు పోసిన ఘనత ఆవిడది.

"వేస్తే అరిగిపోయిందా?"

"ఇది రూత్ ఆంటీ మొదలుపెట్టిన బుట్ట. ఎల్లుండి శనివారం వాళ్లమ్మాయి వచ్చి పట్టుకెళుతుంది. నార్త్ కరోలినాలో ఉన్న వాళ్ల చెరోకీ తెగవాళ్లకు అందాలి. పాడైతే నేనేం మొహం చూపించను?"

రూత్ అల్లే బుట్టకు రెండు గోడలు. అడుగున మొదలై లోపలి గోడ పైకి లేస్తుంది. అంచు దగ్గర వెదురు బద్దల్ని మలిచి, బయటి గోడను కిందికి అల్లుకురావాలి. పూర్తయ్యాక మొదలేదో చివరేదో కనబడదు. కన్నకూతురికి ఈ పని మీద మనసు లేకపోవడంతో, మూడేళ్లుగా రోజూ మధ్యాహ్నం రెండున్నరకు గరాజ్ పక్క తలుపులోంచి వచ్చి హేమశ్రీకి నేర్పింది. అంచు మలపడం ఒక్కటే మిగిలింది. అది నేర్పకుండానే పోయింది. అప్పట్నుంచి ఆ వేళకు గరాజ్‌లో ఉండలేక, హేమశ్రీ ముందే బయల్దేరి కూతురు అమృత బడి దగ్గర కార్లో కూర్చుంటోంది. ఇవాళ మాత్రం పిల్లను తెచ్చే వంతు వాళ్ల నాన్నది.

ఇప్పుడు చూస్తే అంచు మలిచి ఉంది. బయటి గోడ సగం దాకా దిగింది. గోరు దూరనంత బిగువు. అక్రోటు తొక్కల రంగు వేసిన నల్లబద్ద ఎక్కడా వరస తప్పలేదు.

"ఇది మీరే అల్లారా?" హేమశ్రీ గొంతులో కోపం పోయింది.

"మరెవరు? నీ మొగుడా? పెళ్లికి ముందు మా ఊళ్లో తాటాకు బుట్టలు నేనూ అల్లాను. ఇక్కడ నాకు పనేముంది, ఆ కిటికీలోంచి పక్కింటి పిల్లిని చూడ్డం తప్ప."

హేమశ్రీ కుర్చీలో కూలబడి నవ్వింది. శనివారానికి బుట్ట పూర్తవుతుంది. ఇంత పనిమంతురాలు ఇంటికొస్తుందని తెలియక నెల్లాళ్లుగా ఏడ్చింది తను.

"కానీ అత్తయ్యా, తాటాకు బుట్టకు రెండో గోడ ఉండదుగా. ఈ మలుపు మీకెలా తెలిసింది?"

"చూపిస్తే తెలియదా? నీ టీచరమ్మ నేర్పింది."

"ఏ టీచరమ్మ?"

"నెరిసిన జడావిడ. నువ్వటు వెళ్లగానే ఇటు వస్తుందిగా రోజూ. నువ్వే పంపుతున్నావనుకున్నా."

హేమశ్రీ నవ్వు ఆగింది. "మీకు ఇంగ్లీషు రాదుగా."

"చెయ్యి పట్టుకుని చూపిస్తుంటే ఇంగ్లీషెందుకు? పాపం, ఈ దేశంలో జూలైలో చలికాలమాయె, ఆవిడ చేతులు మంచుగడ్డలే. మనిషి మంచిదే కానీ ఇదేం అలవాటే?" మంగతాయారు కుడిచెయ్యి చాపింది. వేలి కణుపుల మీద, సన్నటి బద్దతో కొట్టినట్టు నాలుగు ఎర్రటి చారలు.

హేమశ్రీ తన కణుపులు తడుముకుంది. మూడేళ్లు తప్పు వేసినప్పుడల్లా అక్కడే పడేవి ఆ దెబ్బలు.

"ఆవిడ పోయి నెల దాటింది, అత్తయ్యా."

గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. గరాజ్ పక్క తలుపు తీసిన చప్పుడైంది. తరవాత బల్ల మీద తడి బద్దతో కొట్టినట్టు, టక్.

మంగతాయారు రెండు టీ కప్పులూ ట్రేలో పెట్టింది.

"అదా సంగతి. నాలుగు రోజులుగా ఇస్తున్నా, ఒక్క గుక్క తాగదు. అల్లం ఎక్కువైందేమో అనుకున్నా," అంటూ ట్రే తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "ఇవాళ నువ్వే వెళ్లు. రోజూ హేమా, హేమా అని నీ పేరే అంటోంది."