ఆ తడి ఎక్కడిది?

“మళ్ళీ బొక్కే!”

నోయ్ ఆ మాట అనగానే లైను మీద అందరి మొహాలూ వాడిపోయాయి. అచ్చులోంచి అప్పుడే తీసిన కారు సీటు ఫోమ్. పైకి నున్నగా పెళ్ళికూతురి బుగ్గలా ఉంది. కత్తితో కోసి చూస్తే లోపల కోడిగుడ్డు పట్టేంత డొల్ల.

“అలా శవాన్ని చూసినట్టు చూస్తావేమే? అవతల పారేసి ఇంకోటి తియ్,” అంది చన్‌పెన్.

అనడమైతే అంది గానీ ఆ ముక్కని తనే తిప్పి తిప్పి చూసింది. కొత్త అచ్చులు వచ్చినప్పట్నుంచీ ఇదే గోల.

చన్‌పెన్ ఆ లైనుకి పెద్ద దిక్కు. వానల్లేని ఏడాది సురిన్ పల్లె నుంచి ఒక్కతే రయోంగ్ పట్నం వచ్చి ఈ ఫ్యాక్టరీలో చేరింది. ఆ తర్వాత చెల్లెల్ని తెచ్చింది, తోడికోడల్ని తెచ్చింది, చిన్నప్పుడు కలిసి నాట్లేసిన వాళ్ళందర్నీ తెచ్చింది. ఇప్పుడు లైనంతా ఆమె ఊరే. సీట్లు కొనే జపాన్ కంపెనీ తేల్చి చెప్పేసింది. నెలాఖరుకి బొక్కలు తగ్గకపోతే తన అచ్చులు తను విప్పి వియత్నాం తీసుకుపోతుందట. అచ్చులు పోతే ఊరు మొత్తానికి నోటికాడ కూడు పోయినట్టే.

ఇంజనీరు వితయా మంచివాడే. బాంకాక్ కుర్రాడు. అరవడు, తిట్టడు. తిండి మానేసి అచ్చుల చుట్టూ తిరుగుతుంటాడు. కోసిన ముక్కలు చూసి జబ్బేమిటో మొదట్లోనే కనిపెట్టాడు.

“తడి!” అన్నాడు అందర్నీ పిలిచి. “ఫోమ్ పొంగడానికి కావాల్సిన నీళ్ళు మందులోనే కొలిచి కలుపుతాం. ఆ పైన అచ్చులో ఒక్క చుక్క ఉన్నా కాగే నూనెలో పడ్డట్టే. అక్కడ గ్యాసు పుట్టి బొక్క పడుతుంది. ఎక్కడ్నుంచో అచ్చుల్లోకి నీళ్ళొస్తున్నాయి.”

“ఎక్కడ్నుంచి సార్?” అంది చన్‌పెన్.

“అది తెలిస్తే నాకీ ఖర్మ ఎందుకక్కా?”

ఇక మొదలైంది నీళ్ళ వేట. కప్పెక్కి రేకులన్నీ వెతికారు. ఎక్కడా కారడం లేదు. మందు పీపాలు పరీక్షకి పంపారు. వాటిలోనూ తేడా లేదు. చెమట కారుతోందేమోనని అందరి నుదుళ్ళకీ గుడ్డలు కట్టించాడు వితయా. లైను దగ్గర మంచినీళ్ళ సీసా కనపడితే ఊరుకోనన్నాడు.

ఆ మాట అమలు చేసింది చన్‌పెనే. నోయ్ దాహమేసి మూలకి నక్కి రెండు గుక్కలు తాగుతుంటే సీసా లాక్కుని బయటికి గిరాటేసింది.

“ఈ ఉక్కకి చస్తున్నానే అక్కా!”

“చావు. నువ్వు చస్తే నీ ఒక్కదాని కొంపే మునుగుతుంది. నీ సీసా ఒలికితే ఊరు మునుగుతుంది.”

“రేపట్నుంచి ఏడవాలన్నా గేటు బయటికెళ్ళి ఏడవాలి కాబోలు,” అని గొణిగింది నోయ్.

అందరూ నవ్వారు. చన్‌పెన్ కూడా నవ్వింది. ఆమె మళ్ళీ నవ్వగా ఎవరూ చూళ్ళేదు.

మొదట్లో పొద్దున తీసే సీట్లలోనే బొక్కలుండేవి. మధ్యాహ్నానికి సర్దుకునేది. రానురాను భోజనాల తర్వాత తీసేవాటిలోనూ మొదలయ్యాయి. ఎంత పాటుపడితే అంత పెరుగుతున్నాయి. ఏ పాపిష్టి కళ్ళు పడ్డాయో అనుకున్నారు.

ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, బొక్కన్నది లేదు. ముందురోజే వితయా అచ్చుల్ని ఊది శుభ్రం చేసే గాలి గొట్టం మార్పించాడు. సాయంత్రం దాకా ఏ ముక్క కోసినా వెన్నముద్దే. మేనత్త దహనానికని సురిన్ వెళ్ళిన చన్‌పెన్‌కి తనే ఫోన్ చేశాడు.

“దొరికిందక్కా! దొంగ ఆ గొట్టంలోనే ఉన్నాడు!”

అవతల ఆమె భోరుమంది. “నూరేళ్ళు బతుకు నాయనా,” అంది. సార్ అనడం కూడా మర్చిపోయింది.

మర్నాడు చీకటితోనే తిరిగొస్తూ లైనందరికీ కాల్చిన కోళ్ళూ, వెదురు బొంగుల్లో వండిన అన్నమూ పట్టుకొచ్చింది. పొట్లాలు విప్పకముందే మొదటి సీటు కోశారు.

బొక్క. తర్వాతిదీ అంతే. ఆ తర్వాతిదీ అంతే. మునుపెన్నడూ లేనంత పెద్దవి. ఆ అన్నం ఎవరూ ముట్టలేదు.

ఇక చెప్పుకోడానికేముంది! నెలాఖరు వచ్చింది. క్రేనూ వచ్చింది. అచ్చుల్ని విప్పి చెక్కపెట్టెల్లో పెట్టి మేకులు కొట్టేశారు. నోయ్ వాళ్ళు మూటలు కట్టుకున్నారు. ఊరికి ఏ బస్సెక్కాలో తెలుసు. ఊళ్ళో ఏం తిని బతకాలో తెలీదు.

వితయా ఖాళీ పీపా మీద తల పట్టుకుని కూర్చున్నాడు. చన్‌పెన్ వెళ్ళి పక్కన నిలబడింది.

“నన్ను క్షమించక్కా. ఆ తడి ఎక్కడిదో పట్టుకోలేకపోయాను. మీ అందరి పొట్టా కొట్టాను.”

“ఊరుకోండి సార్. మీ తప్పేముంది, మన రాతే బాలేదు.”

“ఇంకేదో చెయ్యాల్సింది. ఏదో మిగిలిపోయింది.”

చన్‌పెన్ అతని భుజం మీద చెయ్యి వేసింది.

“ఏమీ మిగల్లేదు సార్, మీరు చెయ్యగలిగింది మీరు చేశారు, నేనూ ఏ లోటూ చెయ్యలేదు, కొత్త అచ్చులు వచ్చిన నాటి నుంచీ అందరికన్నా ముందొచ్చి భిక్షువు మంత్రించిన తీర్థం ఒక్కో అచ్చులో నా చేత్తో చల్లాను, బొక్కలు పెరిగినకొద్దీ రెండు పూటలా ఇంకాస్త ఎక్కువే చల్లాను.”