నూటికి నూరు

సర్కారువారు పుట్టిన ప్రతి బిడ్డ చెవికీ ఒకే రకం పంతులు యంత్రాన్ని తగిలించినప్పటినుంచీ, కలెక్టరు కొడుకైనా కూలివాడి కూతురైనా పరీక్షల్లో నూటికి నూరే. ఆ సంగతి తలుచుకుంటే ఇస్త్రీబండి కొమురమ్మకు కడుపు నిండినట్టుండేది. ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే కూతురు ప్రణీత చొక్కానూ, అదే ఉద్యోగానికి వెళ్తున్న మేడింటి ఇంజినీరుగారి అబ్బాయి చొక్కానూ ఒకే వేడి మీద ఇస్త్రీ చేసింది. ఎక్కడా తేడా రానివ్వలేదు.

సాయంత్రం ప్రణీత ముఖం వేలాడేసుకుని వచ్చింది. ఉద్యోగం ఆ అబ్బాయికిచ్చారట.

"ఏమడిగిండ్రు బిడ్డా?" అంది కొమురమ్మ.

"అందరికీ నూరే గదనే అమ్మా, ఇంకేం అడగాల్నో వాళ్ళకు తోచలే. 'మీ నాన్న ఏం చేస్తాడు?' అనడిగిండ్రు."

"మరి ఆ పిలగాన్ని?"

"'నాన్నగారు బాగున్నారా?' అనడిగిండ్రు."