చెన్నకేశవులుకు పెట్టిన కరెంటు

“క్యాన్సర్ వెన్నుకు పాకింది పెద్దాయనా. ఆ ఒక్క పూసకే కరెంటు, అదే రేడియేషన్, పెడతాం. పక్క పూసకు తగలదు,” అన్నాడు ఒంగోలు డాక్టరు.

చెన్నకేశవులు తర్లుపాడులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. “మేం లైను ఆపి స్తంభం ఎక్కేవాళ్ళం సార్. మీరేంది, మనిషిని పడుకోబెట్టి ఆన్ చేస్తాండారు?” అని నవ్వాడు.

కరెంటు పెట్టించుకుని ఇంటికి వచ్చినప్పటి నుంచి భార్య రామతులసమ్మ అతన్ని ముట్టుకోలేదు. కాళ్ళకు రబ్బరు చెప్పులు వేసుకుని, అన్నం పళ్ళెం చెక్కపీట మీద పెట్టి, చటుక్కున వెనక్కి జరిగేది.

వారం తిరిగేసరికి నొప్పి తగ్గి చెన్నకేశవులు లేచి కూర్చున్నాడు. తనకు పెట్టింది ఆ కరెంటు కాదని చెప్పబోయాడు గానీ, ఆమె చెప్పులు చూసేసరికి ఆట పట్టించాలనిపించింది.

“సప్లై ఇంకా ఉందే. ముట్టుకున్నావంటే ఇద్దరం ఒకేసారి పోతాం, చూసుకో!”

అంట్లు తోముతున్న రామతులసమ్మ ఆగిపోయింది. ఈ కరెంటు నొప్పికే గానీ జబ్బుకు కాదని డాక్టరు ఆసుపత్రిలోనే ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు. అది అతనికి తెలియదు.

ఆమె లేచి చెప్పులు విడిచింది. తడి చేతులు తుడుచుకోకుండానే వచ్చి అతన్ని వాటేసుకుంది.

ఏమీ కాలేదు.

“ఏందయ్యా, ఇంతేనా నీ కరెంటు?” అని ఏడ్చింది.