పద్నాలుగు వేల కిలోమీటర్లు

తలుపు తీసిన కోడలు గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. ఎదురుగా భర్త నిలబడి ఉన్నాడు.

"అమ్మ ఉందా?" అన్నాడు. గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది.

ఆమె పక్కకు తప్పుకుంది. అతను ఆమె మొహమైనా చూడకుండా తల్లి గదిలోకి వెళ్లిపోయాడు.

విమానం నడిపేవాడి పెళ్లాం ఆమె. ఏ ఊరు ఎంత దూరమో కూరగాయల ధర చెప్పినంత తేలిగ్గా చెప్పేస్తుంది. పొద్దున అత్తగారికి ఊపిరి అందడం లేదని ఫోన్ చేస్తే, ప్రపంచానికి అవతలి కొసన, ఎయిర్‌పోర్టు పక్క హోటల్లో ఉన్నానన్నాడు. ఉన్నపళంగా బయల్దేరుతున్నానని ఏడ్చాడు. ఆ ఎయిర్‌పోర్టుకీ ఈ ఎయిర్‌పోర్టుకీ మధ్య పద్నాలుగు వేల కిలోమీటర్లు. రెక్కలు కట్టుకుని ఎగిరినా పదహారు గంటలు. ఇక్కడ చూస్తే ఇంకా పొద్దయినా వాలలేదు.

వంటింట్లోంచి వచ్చిన ఆడపడుచు గదిలోకి తొంగిచూసి, గబుక్కున వదిన చెయ్యి పట్టుకుంది.

"వదినా, అన్నయ్యేనా?"

"ఆయనే."

"అదెలా? ఇంతలో ఎలా వస్తాడు?" ఆమె గొంతు తగ్గించింది. "విమానానికి ఏమైనా... టీవీ పెట్టనా?"

"వద్దు. పెట్టకు."

"పోయినవాళ్లు ఆఖరిసారి అమ్మని చూసుకోడానికి వస్తారంటారు, వదినా."

"నోర్ముయ్!" అని కసిరింది కానీ, టీవీ రిమోట్ తీసి కొంగులో దాచేసింది.

గదిలో అతను తల్లి పాదాల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. పొద్దుట్నుంచీ మూసిన కన్ను తెరవని ముసలావిడ కళ్లు తెరిచింది.

"వచ్చావా నాన్నా?" అంది. అంతే, చూపు కొడుకు మీదే ఆగిపోయింది.

ఆడపడుచు గొల్లుమంది. కోడలికి మాత్రం ఏడుపు రాలేదు. ఆమె కళ్లు భర్త వీపునే అంటిపెట్టుకుని ఉన్నాయి. తల్లి కోసం వచ్చాడు, తల్లి పోయింది. ఇక ఇతనూ వెళ్లిపోతాడు. కాసేపట్లో కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. పిల్లాపీచూ లేని ఇంట్లో పదేళ్లుగా ఒకరికొకరుగా బతికారు. దయ్యమైతే మాత్రం ఏం, తన మనిషే కదా. మాయమైపోయే లోపు ఒక్కసారి ముట్టుకుంటే చాలు.

వెళ్లి అతని మెడ మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. చెమట పట్టి ఉంది. వేళ్ల కింద నరం టకటకా కొట్టుకుంటోంది.

"ఏవండీ! బతికే ఉన్నారా!"

అతను తలెత్తలేదు. ఆమె ఆనందం పట్టలేక అతన్ని వాటేసుకుని భుజం మీద చెంప ఆనించింది. చెంపకు తడి తగిలింది.

అతని చొక్కా మీద చంటిపాప కక్కిన పాలు ఇంకా ఆరలేదు.