పదిహేడో పేజీ

"నలభై ఒకటో నంబరు ఉన్నట్టా, పోయినట్టా?" అని అడిగాడు పెద్ద డాక్టరు.

"తెలీదు సార్. మూడు రోజుల్లో మూడుసార్లు ఫోన్ చేశాను. మోగుతోంది. ఎత్తడం లేదు," అన్నాడు గుమస్తా.

"పోయిందని రాయాలంటే కాగితం కావాలి. ఉందని రాయాలంటే సంతకం కావాలి. తెలీదని రాశావో, మన పని అయిపోయినట్టే. సాయంత్రం ఐదు గంటలకి గడువు. బయల్దేరు."

గొంతు క్యాన్సర్ నయమైనవాళ్ళు తర్వాత ఎలా ఉంటున్నారో తెలుసుకోవడానికి పద్నాలుగు దేశాలు కలిసి చేస్తున్న పరిశోధన అది. పద్నాలుగు దేశాల్లోనూ ఆరు నెలలకోసారి ఎవరో ఒక గుమస్తా అవే తొమ్మిది ప్రశ్నలు అడుగుతాడు. ఎనిమిదేళ్ళలో ఒక్క మనిషి జాడ కూడా పోగొట్టుకోని ఆస్పత్రి ఇదొక్కటే. ఆ పేరు చూసే కొత్త మందులు ముందు ఇక్కడికి పంపుతున్నారు. పేరు పోతే మందూ పోతుంది. ఫోన్ చేసి "బతికున్నారా?" అని అడగడమే ఉద్యోగం కాబట్టి, గుమస్తాని ఆస్పత్రిలో అందరూ 'బతికారా బాబు' అంటారు.

బతికారా బాబు బస్సెక్కి, దిగాల్సిన చోటు కండక్టరుకి రెండుసార్లు చెప్పి, నోట్లో ఒక బిళ్ళ వేసుకుని కూర్చున్నాడు. నలభై ఒకటో నంబరు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పనిచేసి రిటైరైన ఆవిడ. అలాంటి మనిషి ఫోను ఎత్తలేదంటే ఇక చూడక్కర్లేదనిపించింది. దారిలోనే మరణ ధ్రువీకరణ ఫారం పైకి తీసి పెట్టుకున్నాడు.

గేటు దగ్గర నిలబడి మూడుసార్లు పిలిచాడు. మూడో పిలుపుకి తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఆవిడే. చేతిలో సూదీ దారం, భుజం మీద సగం కుట్టిన కిటికీ తెర.

"ఉన్నారా అమ్మా!" అన్నాడు గుమస్తా. సొంత చెల్లెల్ని కూడా అంత సంతోషంగా ఎప్పుడూ పలకరించలేదు.

"కనిపిస్తున్నాగా. లోపలికి రా."

కుర్చీ పక్కన బల్ల మీద ఫోను ఉంది.

"పాడైందా అమ్మా?"

"దానికేం, గుండ్రాయిలా ఉంది. నువ్వు చేసిన మూడుసార్లూ మోగింది. పక్కనే కూచుని విన్నాను."

గుమస్తాకి ఒళ్ళు మండింది. "విని ఎత్తలేదా? అక్కడ నా ఉద్యోగం ఊడేట్టుంది!"

"ముప్పై ఏళ్ళు ఎక్స్‌ఛేంజీలో చేసినదాన్ని. మోగే ఫోను ఎత్తకుండా ఉండటం ఎంత కష్టమో నీకేం తెలుసు? చేతులు కట్టుకుని కూచున్నాను. మూడుసార్లు పలక్కపోతే మనిషే ఇంటికి రావాలని, చేరేటప్పుడు మీరిచ్చిన ఒప్పంద పత్రం పదిహేడో పేజీలో ఉంది కదా."

"పదిహేడో పేజీ ఎవరు చదువుతారమ్మా? అందరూ ఆఖరి పేజీలో సంతకం పెట్టేవాళ్ళే. రాసినవాళ్ళు కూడా చదివి ఉండరు."

"నేను చదివాను. పోయినసారి నువ్వు ఫోన్ చేసినప్పుడు ఒక ముక్క చెప్పబోయాను. 'ప్రశ్నల్లో లేనిదానికి గడి లేదమ్మా' అని పెట్టేశావు. తిరిగి చేస్తే, ఆ నంబరు పిలవడానికేగానీ పలకడానికి కాదట. మరి నిన్ను రప్పించేదెట్లా? సరే, ముందు నీ ప్రశ్నలు కానీ."

గుమస్తా గడియారం చూసుకుని ఫారం తీశాడు. మింగడానికి ఇబ్బంది? లేదు. బరువు తగ్గడం? లేదు. మెడలో గడ్డ? లేదు.

"నాలుగు. గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటిందా?" అని అడుగుతూనే అలవాటుగా 'లేదు' గడి మీద కలం పెట్టాడు.

"దాటింది."

కలం ఆగిపోయింది. ఎనిమిదేళ్ళలో ఆ ప్రశ్నకి ఆవిడ ఆ మాట అనడం ఇదే మొదలు.

"ఎన్నాళ్ళయింది?"

"ఆరు నెలల పైమాటే."

"ఆరు నెలలా!" గుమస్తా 'అవును' గడి నింపి, ఆవిడ వయసు మరిచిపోయి అరిచాడు. "చదువుకున్నవారు, ఒకసారి అనుభవించినవారు, ఆరు నెలలు ఎలా ఊరుకున్నారమ్మా?"

"దుమ్ము వల్లేమో, అదే తగ్గుతుందిలే అంటారు కదా."

"దుమ్మా? బిళ్ళలు చప్పరిస్తే తగ్గేది మూడు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే పరుగెత్తుకుని వచ్చి చూపించుకోవాలి. ముందు పట్టుకుంటే నయమవుతుంది. మీకు నేను చెప్పాలా?"

"చెప్పు. ఇంకోసారి చెప్పు," అందావిడ సూది తెరకి గుచ్చి పక్కన పెడుతూ.

గుమస్తా అక్కడికక్కడే ఆస్పత్రికి ఫోన్ చేశాడు. అవతలివాళ్ళు గట్టిగా మాట్లాడమంటే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అరిచాడు. వారం దాకా ఖాళీ లేదంటే వినలేదు. పెద్ద డాక్టరు పేరు చెప్పి బెదిరించి, మర్నాడు పొద్దున తొమ్మిదికి చోటు పట్టాడు.

"రేపు తొమ్మిదికి. ఏ పనున్నా మానుకోవాలి."

"ఏ పనున్నానా?"

"ఏ పనున్నా సరే."

"భయమేస్తే?"

"భయమేస్తే తోడు తెచ్చుకోండి. రావడం మాత్రం మానకూడదు."

"తోడుకేం, నేను ఉన్నాను," అని ఫారం తన వైపు లాక్కుందావిడ.

ఆ మాట అర్థంకాక గుమస్తా ఆస్పత్రి చీటీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఈలోగా ఆవిడ నాలుగో గడిలో 'అవును' కొట్టేసి, 'లేదు' అని దిద్ది, మిగిలిన ఐదు గడులూ తనే నింపి, కింద సంతకం పెట్టి ఫారం వెనక్కి తోసింది.

"వయసు చెప్పండమ్మా, చీటీ మీద రాయాలి."

"నీ వయసు నాకెలా తెలుస్తుంది నాయనా? బొంగురుపోయింది నీ గొంతు."