ఎగువ దేశం తరఫున

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూడడం మానేశాక, దేశాల తగువులన్నీ బడిపిల్లల సభల్లోనే తెగుతున్నాయి. ఎవరూ సొంత దేశం తరఫున మాట్లాడకూడదన్నది ఒక్కటే నియమం. ఏటినీళ్ల సభలో గవరయ్య మనవరాలు మంగతల్లి ఎగువ దేశం తరఫున వాదించి గెలిచింది. మర్నాటికే దిగువన వీళ్ల కాలవ ఎండింది.

నారుమడి గట్టున గవరయ్య అడిగాడు. "కాస్త తగ్గి మాట్లాడితే నీ సొమ్మేటి పోయిందే?"

"అలా చేస్తే దొంగతనం గాదా తాతా? ఆళ్ల ఊళ్లల్లోనూ దాహమే."

"మరి మన తరఫున మాట్లాడాల్సిన ఆ ఎగువోడికి నోట్లో నాలిక లేదా?"

"ఉంది తాతా. సభలో మాత్రం తలొంచుకుని కూకున్నాడు. బయటికొచ్చాక అడిగితే, 'నేను మా ఇంటికెళ్లాలి గదా' అన్నాడు."

గవరయ్య ఎద్దుల పలుపులు విప్పాడు. నారు పచ్చగా ఉండగానే ఎద్దులైనా తింటాయని వాటిని మడిలోకి తోలాడు.